ఒక పేజీ, ఒక ఫుల్‌స్టాప్

మంజుశ్రీ మొదటి రోజు రాసి తెచ్చిన కాగితంలో ఒకే ఒక ఫుల్‌స్టాప్ ఉంది. అదీ పేజీ చివర, ఆమె సంతకానికి కాస్త పైన. ముప్ఫై ఒక్క ఏళ్ళు రాయకోట హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పినవాణ్ణి. ఫుల్‌స్టాపులు మరిచిపోయిన పిల్లల్ని చాలామందిని చూశాను. కానీ పొద్దున ఆరింటికి పూలు పెంచే పాలీహౌసులో అడుగుపెట్టిన మనిషి సాయంత్రం నాలుగింటికి బయటపడేదాకా ఒకే వాక్యంలో ఉండిపోవడం మాత్రం అంతకు ముందు చూడలేదు.

"పైకి చదువమ్మా," అన్నాను.

చదివింది. నాలుగో లైనులో ఊపిరి చాలక ఆగి, నా వైపు చూసి నవ్వింది.

అరుగు మీద కూర్చుని అనపకాయలు ఒలుస్తున్న వాళ్ళత్త పిల్లమ్మ తల ఎత్తలేదు. "ఆయమ్మ మాట్లాడేదీ అంతే గదప్పా సారూ. బస్సు బ్రేకు పోయినట్ట. మా నరేషు పాపం పెండ్లయిన కాడినుంచీ పక్కకి తప్పుకుంటానే ఉండాడు," అంది.

"నువ్వు మాత్రం నిలిపి నిలిపి మాట్లాడతావా అత్తా?"

"నేను నిలిపితే నువ్వు మొదలుపెడతావు గదే, అందుకే నిలిపేదిల్ల."

హోసూరులో మా ఇంటి వెనక పోర్షన్‌లో వీళ్ళు ముగ్గురూ ఉండి ఆరేళ్ళయింది. సొంత ఊరు అత్తిముగం. నరేష్ ఒక ఫ్యాక్టరీ బస్సు నడుపుతాడు. మంజుశ్రీ శూలగిరి వైపు ఒక రోజాపూల కంపెనీలో ప్యాకింగ్ చేస్తుంది. మెడ వంగిన పూలు పెట్టెలకు పనికిరావు. శనివారం వాటిని ఆడవాళ్ళు ఇంటికి తీసుకుపోవచ్చు. అట్లా ప్రతి శనివారం రెండు పూలు నా భార్య శోభన ఫోటో ముందుకు వస్తాయి. శోభన పోయి మూడేళ్ళు. ఈ మూడేళ్ళలో ఒక్క శనివారం కూడా ఆ గ్లాసు ఖాళీగా లేదు. అందుకని మంజుశ్రీ వచ్చి, "సార్, నాకి ఇంగ్లీషులో ఒక పేజీ రాసేది నేర్పిస్తారా, వారం లోపల," అని అడిగితే, వారంలో ఎట్లా వస్తుందని నేను అనలేకపోయాను.

ఆమెకు కావలసింది ఇంగ్లీషు కాదు. చేతులు.

ప్యాకింగ్ అయిన పూలను కోల్డ్ రూములో పెడతారు. అందులోకి పోయి వచ్చే పని మూడేళ్ళుగా ఆమెది. వేళ్ళ కణుపులు వాచిపోయాయి. పొద్దున లేస్తే పిడికిలి ముడవదు. ఇంట్లో సంగటి కెలికేది ఇప్పుడు పిల్లమ్మే. డాక్టరు చూసి, మాత్రలు రాసి, చలిలోకి పోవడం మానుకోకపోతే ఈ మాత్రలు దండగ అన్నాడు. సరిగ్గా ఇప్పుడే ప్యాకింగ్ షెడ్డుకు ఒక సూపర్‌వైజరు కావాలని కంపెనీవాళ్ళు అనుకున్నారు. సూపర్‌వైజరు పని బయట టేబుల్ దగ్గర: పూలు చూడటం, రాయడం. ప్లస్ టూ చదివినవాళ్ళు షెడ్డులో ఇద్దరే, మంజుశ్రీ, అంబిక. ఈ వారమంతా ఇద్దరూ ఆ రోజు జరిగిన పని ఒక పేజీ రాసి మర్నాడు పొద్దున మేనేజర్ జితేంద్రకు ఇవ్వాలి. ఆయన బెంగళూరు ఆఫీసుకు పంపుతాడు. శనివారం ఎవరో ఒకరి పేరు చెబుతాడు.

"అంబిక బాగా రాస్తుందా?" అడిగాను.

"చిన్న చిన్న వాక్యాలు రాస్తాది సార్. చీమలు పోతా ఉండినట్ల."

ఆమె తప్పు ఎక్కడుందో నాకు తెలుసు. మన తెలుగులో లేచి, ముఖం కడుక్కొని, బస్సు పట్టుకొని, పూలు కోసి, ఆకులు దూసి, కట్టలు కట్టి అంటూ ఎంత దూరమైనా పోవచ్చు. చివర ఒక్క క్రియ పెట్టి కూర్చోవచ్చు. ఎవరూ తప్పనరు. ఆమె దాన్ని అట్లాగే ఇంగ్లీషులోకి దింపి, ప్రతి అతుకులోనూ ఒక 'అండ్' పెట్టింది.

బళ్ళో చెప్పినట్టే మొదలుపెట్టాను. కామా దగ్గర ఒకటి లెక్కపెట్టు, సెమికోలన్ దగ్గర రెండు, ఫుల్‌స్టాప్ దగ్గర నాలుగు. పది నిమిషాలు ప్రయత్నించి పెన్ను కింద పెట్టేసింది.

"లెక్కపెట్టేలోపల ఏం రాయాల్నో మరిచిపోతా ఉండాను సార్."

"పోనీ, పూలు ఎట్లా కడతారో చెప్పు."

ముఖంలోకి వెలుగొచ్చింది. చేతులతో చూపిస్తూ చెప్పింది. కట్టకు ఇరవై పూలు. పది పది రెండు వరసలు. వరసకూ వరసకూ మధ్య ఒక అట్ట ముక్క, లేకపోతే రెక్కలు ఒరుసుకుని నలుపెక్కుతాయి. కట్టలు పెట్టెలో పక్కపక్కన పడుకుంటాయి. దేని కాగితం దానికే చుట్టి ఉంటుంది. పెట్టె నిండినాక టేపు.

చెబుతూ చెబుతూ ఆగిపోయింది. "సార్, అట్ట ముక్కే గదా కామా?"

కింద పెట్టిన పెన్ను తీసి ఆమె చేతికిచ్చాను.

"కట్టకీ కట్టకీ నడమ ఉండేది సెమికోలన్. ఏ కట్టకి ఆ కట్ట సరిగా ఉండాది, విడిగా అమ్మొచ్చు, అయినా ఒకే పెట్టెలో పోతాది. టేపు ఏస్తే ఫుల్‌స్టాపు."

ముప్ఫై ఒక్క ఏళ్ళలో నాకు తట్టలేదు. "ఈ మాట అప్పుడే చెప్పుంటే నా క్లాసులో ఇంకో పదిమంది పాసయ్యేవాళ్ళు," అన్నాను.

"అప్పుడు నేను పుట్టిందే ఇల్ల సార్," అంది. అది అబద్ధం, ముప్ఫై రెండేళ్ళుంటాయి. పిల్లమ్మ ఆ లెక్క వెంటనే సరిచేసింది.

మంగళవారం నాడు ఇంకొంచెం ముందుకు పోయాం. మొదట ఒక ముక్క వచ్చి, అసలు మాట తరువాత వచ్చేటప్పుడు మధ్యలో కామా: వాన పడినందువల్ల, కోత ఆలస్యమైంది. రెండు నిండు వాక్యాలను ఒట్టి కామాతో అతికించకూడదు. అట్ట ముక్క రెండు కట్టల్ని మొయ్యలేదు. మధ్యలో 'కానీ' లాంటి మాట ఉంటే కామా చాలు. లేకపోతే సెమికోలన్ కావాలి. బుధవారం జాబితాలు. మూడో పాలీహౌసు, ఎరుపు, నలభై కట్టలు; అయిదో పాలీహౌసు, పసుపు, పాతిక కట్టలు; ఏడో పాలీహౌసు, తెలుపు, పది కట్టలు. లోపల కామాలున్నప్పుడు బయట సెమికోలన్ లేకపోతే పసుపు వచ్చి నలభైలో పడుతుంది. అది చూసి ఆమెకు ఎంత సంతోషమైందంటే, ఆ సాయంత్రం ఇంట్లో సామాన్ల చీటీ కూడా సెమికోలన్లతో రాసింది. నరేష్ ఆ చీటీ పట్టుకుని కొట్టుకు పోయి, "అన్నా, ఈ చుక్క కామా ఏమో నాకి తెలీదు, చక్కెర ఈయి," అన్నాడట.

బుధవారం రాసిన పేజీలో నేను పెన్ను పెట్టాల్సిన చోటు ఒక్కటే దొరికింది. జితేంద్ర దాన్ని రెండుసార్లు చదివి, "గుడ్," అన్నాడని గురువారం పొద్దున కంపెనీలోంచి నరేష్‌కి ఫోను చేసి చెప్పిందట. నరేష్ మా గేటు దగ్గర ఆగి ఆ ఒక్క మాట నాకు చెప్పి పోయాడు.

గురువారం సాయంత్రం కాగితం చూసి ఆశ్చర్యపోయాను. మళ్ళీ మొదటికొచ్చింది. పేజీ అంతా ఒకే పరుగు. కోల్డ్ రూము తలుపు పడక, లోపల వేడెక్కి, పూలు విచ్చుకుని, వాటిని ఏరి, వేరే పూలు కట్టి, మధ్యాహ్నం లారీకి ఎక్కించి. చివర సంతకం. ఫుల్‌స్టాప్ ఒక్కటి.

"ఏమ్మా ఇది? రెండు రోజులు ఎంత బాగా రాసినావు!"

"తలనొప్పి సార్."

నేను ఎర్ర పెన్ను తీశాను. రిటైరై ఆరేళ్ళయినా ఆ పెన్ను జేబులోనే ఉంటుంది. 'తలుపు పడక' అన్న చోట ఆగాను.

"తలుపు తనంతట తానే పడదు కదా. ఎవరు మూయలేదు? వాక్యానికి కర్త కావాలమ్మా."

చిన్నగా, "నాతో పని చేసే అంజినమ్మ," అంది.

రాశాను. అరగంటలో పేజీ శుభ్రమైంది. అందులో ఒక వాక్యం, నిజం చెప్పాలంటే, నాకే ముచ్చటేసింది: అంజినమ్మ కోల్డ్ రూము తలుపు మూయలేదు; అరవై కట్టల పూలు విచ్చుకున్నాయి. అటు ఒక వాక్యం, ఇటు ఒక వాక్యం, మధ్యలో ఆ సెమికోలన్. కారణమూ ఫలితమూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి.

"ఏం రాసినారో నాకీ చెప్పండప్పా," అంది పిల్లమ్మ. తెలుగులో చెప్పాను.

అనపకాయల చేట పక్కన పెట్టింది. "అయ్యో. అంజినమ్మని కంబానికి కట్టి నిలబెట్టినట్టుండాది గదప్పా."

నేను మంజుశ్రీ వైపు చూశాను. కాగితం వైపు కాక ఎర్ర పెన్ను వైపు చూస్తోంది.

నాకు శోభన గుర్తొచ్చింది. పెళ్ళయిన మొదటి రెండేళ్ళు ఆమె అంచెట్టిలో ఎలిమెంటరీ టీచరు, నేను రాయకోటలో. బస్సులు తక్కువ, అందుకని వారానికో ఉత్తరం. ఆమె ఉత్తరాల్లో కామా అనేదే ఉండేది కాదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన పొగరుతో, ఒకసారి ఆమె ఉత్తరాన్ని ఎర్ర సిరాతో దిద్ది, తిరుగు టపాలో పంపాను. బదులుగా ఒక కార్డు వచ్చింది. "మీ ఎర్ర సిరా చేరింది. మీరెట్ల ఉండారో రాయలేదు." రెండు ఫుల్‌స్టాపులూ ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాయి. నేను దిద్దిన ఆ ఉత్తరంలో ఆమె తనకు మూడు రోజులుగా జ్వరమని రాసింది. నేను గుర్తులు చూశాను, జ్వరం చూడలేదు. తరువాత ఎన్నడూ ఆమె రాతలో పెన్ను పెట్టలేదు.

పెన్ను మూత పెట్టాను. "ఏం జరిగిందో చెప్పమ్మా. రాసేది తరువాత."

చెప్పింది, ఈసారి ఆగి ఆగి. కోల్డ్ రూము తలుపు గొళ్ళెం బిగువు. రెండు చేతులతో తొయ్యాలి. లోపలినుంచి వచ్చేవాళ్ళ రెండు చేతుల్లో పూల బకెట్ ఉంటుంది. అందుకని షెడ్డులో ఆడవాళ్ళు జోడీలుగా పని చేస్తారు. ఒకరు లోపలికి పోతే ఒకరు బయట నిలబడి, వాళ్ళు వచ్చినాక గొళ్ళెం వేస్తారు. ఇది కంపెనీ పెట్టిన పద్ధతి కాదు, కాగితం మీద ఎక్కడా లేదు; వీళ్ళలో వీళ్ళు పెట్టుకున్నది. అంజినమ్మకు యాభై ఎనిమిదేళ్ళు, ఆమెకూ మంజుశ్రీకీ మూడేళ్ళుగా జోడీ. మామూలుగా లోపలికి పోయేది మంజుశ్రీ. ఈ వారం ఆమె చేతులు చూడలేక అంజినమ్మ తానే పోయింది.

"గొళ్ళెం ఏసేది నా పని సార్. నేను టేబుల్ కాడ కూచోని రిపోర్టు రాస్తా ఉండాను. నిన్నట్ల బాగా రాయాలని. యాడ కామా, యాడ సెమికోలనూ అని చూసుకుంటా ఉండాను. ఆయమ్మ పిలిచింది. వస్తా ఉండాను అన్నాను. పోలేదు. ఆయమ్మ బకెట్ దించి మళ్ళా వచ్చి ఏద్దామని పోయి, ఆడ ఎవురో పిలిస్తే మరిచిపోయింది."

పిల్లమ్మ చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

"జితేంద్ర సారు అడిగితే ఎవురూ చెప్పలేదు సార్. తలుపు పడలేదు అన్నారు, అంతే. మాలో ఎవురిదైనా అట్లనే అంటాము."

ఆ తరువాత నేనన్న మాటకు నాకు ఇప్పటికీ కొంచెం సిగ్గే. "అయితే నువ్వు రాసిందే ఉండనీ. ఎవరి పేరూ వద్దు. అబద్ధమేమీ కాదు. ఇంకొక్క రోజు గడిస్తే శనివారం. నీ చేతులు ముఖ్యం."

ఆమె తన వేళ్ళ వైపు చూసుకుంది. ముడిచింది, సగం దాకా వచ్చి ఆగాయి.

"బెంగళూరులో ఎవురైనా అడుగుతారు సార్. అడిగితే తేలేది ఆయమ్మ పేరే. బకెట్ ఎత్తుకొని బయటికొచ్చింది ఆయమ్మనే అని అందురూ చూసినారు. నేను రాస్తా కూచోని ఉండింది ఎవురూ చూడలేదు."

నా దగ్గర తెల్ల కాగితం తీసుకుంది. ఎర్ర పెన్ను కాదు, తన నీలం పెన్నే. చాలాసేపు రాసింది. అందులో ఒక వాక్యం నాకు కంఠతా వచ్చేసింది. ఇంగ్లీషులో చిన్న తప్పులున్నాయి. తెలుగులో చెబితే ఇది: 'నేను టేబుల్ దగ్గర ఈ రిపోర్టు రాస్తున్నాను; అంజినమ్మ రెండు చేతుల్లో బకెట్ ఉంది; గొళ్ళెం వెయ్యాల్సింది నేను.'

"సరిగ్గా ఉండాదా సార్?"

"సెమికోలన్ల చోట ఫుల్‌స్టాపులు పెట్టి మూడు వాక్యాలు చెయ్యొచ్చు కూడా," అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"ఒకే పెట్టెలోవి గదా సార్. నడమ టేపు ఎట్ల ఏసేది?"

శుక్రవారం పొద్దున ఆ కాగితమే ఇచ్చింది. ఆ రోజు సాయంత్రం జితేంద్ర ఏమన్నాడని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. పిల్లమ్మ మాత్రం రెండుసార్లు వచ్చి, "సుమ్నే నోరు మూసుకోని ఉండేది నేర్పించలేదేమప్పా సారూ నువ్వు, కామాలు నేర్పించినావు గాని," అని వెళ్ళిపోయింది. కోపం నా మీద కాదని నాకు తెలుసు. కోడలు రాసిన కాగితం మడత విప్పి, చదవడం రాకపోయినా, ముందు రోజు సాయంత్రం వెలుతురు పోయేదాకా చూస్తూ కూర్చుంది ఆమే.

శనివారం అంబిక పేరు చెప్పారు.

జితేంద్ర చెడ్డవాడేమీ కాదు. అంజినమ్మను ఏమీ అనలేదు. టేబుల్‌ను కోల్డ్ రూము తలుపు పక్కకు జరిపించాడు. మంజుశ్రీని పిలిచి, రాత చాలా బాగుందమ్మా, కానీ రాస్తూ తలుపు మరిచిపోయేవాళ్ళను ఆ టేబుల్ దగ్గర కూర్చోబెట్టలేను కదా అన్నాడట. "నిజమే గదా సార్ ఆయప్ప చెప్పింది," అంది మంజుశ్రీ నాతో. పూలు తెచ్చింది. రెండు కాదు, నాలుగు. రెండు అంజినమ్మ పంపినవి. గ్లాసులో పట్టక, స్టీలు చెంబులో పెట్టాను.

సోమవారం ఆమె మామూలుగా పనికి పోయింది. ఆ రోజంతా నేను ఏ పనీ సరిగ్గా చెయ్యలేదు. కోల్డ్ రూములో ఎంత చలి ఉంటుందో ఊహించుకోవడానికి ఒకసారి ఫ్రిజ్ తెరిచి చెయ్యి పెట్టి చూశాను కూడా. శోభన ఉంటే నవ్వేది.

సాయంత్రం మంజుశ్రీ నేరుగా నా అరుగు దగ్గరికి వచ్చింది. చేతిలో మడత పెట్టిన కాగితం.

"కామాలు సరిగా ఉండాయా చూడండి సార్."

"మళ్ళీ రిపోర్టా? అంబిక కదా రాసేది?"

"ఇది మా ఆడోళ్ళది. టిఫను వేళకి అందురూ కూచోని చెప్పినారు, నన్ను రాయమన్నారు. అంబిక సంతకం పెట్టి గోడకి అంటిస్తాదంట."

తెలుగులోనే రాసింది. కోల్డ్ రూము వంతులు. నేను కళ్ళజోడు పెట్టుకుని చదివాను: 'సోమవారం లోపల అంజినమ్మ, బయట మంజుశ్రీ; మంగళవారం లోపల శక్తి, బయట మంజుశ్రీ; బుధవారం లోపల మునెమ్మ, బయట మంజుశ్రీ;' అట్లా శనివారం దాకా పోయి ఆగింది. ఆరు రోజులు, లోపల ఆరు పేర్లు. బయట ఒకటే.

"మొదట నాకి తెలీలేదు సార్," అంది. "ఆయమ్మలు చెప్తా ఉండారు, నేను రాస్తా ఉండాను. బుధవారం కాడికి వచ్చినాక చూసుకున్నాను. ఏమక్కా, నా వంతు యాడ అంటే, అంజినమ్మ, 'నీ పేరు ఆరుసార్లు రాసినాము కదే, ఇంకా చాల్లేదా, గొళ్ళెం మరిచిపోయినావంటే మాత్రం నిన్నే లోపలేసి మూస్తాము,' అనింది."

"అంబిక ఒప్పుకుందా?"

"'ఆదివారము సుమ్నే ఖాళీగా ఉండాదే, దానికీ నీ పేరే రాసుకో,' అనింది సార్, నవ్వుతా."

కాగితం ఇంకోసారి మొదటినుంచీ చదివాను. వారానికి ఒక్కొక్కరికి ఒక్కరోజు చలి. దిద్దడానికి ఏమీ లేదు. చివర ఫుల్‌స్టాప్ కూడా ఉంది. తిరిగి ఇచ్చేశాను.

మూడు వారాలయింది. నిన్న పొద్దున కాఫీ పెట్టుకుంటుంటే వెనక పోర్షన్‌లోంచి సంగటి కెలికే చప్పుడు వచ్చింది. పిల్లమ్మ కెలికితే మెల్లగా, మధ్య మధ్య ఒక తిట్టుతో ఉంటుంది. ఇది అట్లా లేదు. గబగబా రెండు తిప్పులు, కాసేపు నిదానం, మళ్ళీ రెండు. కప్పు పట్టుకుని అరుగు మీదికి వచ్చాను. పిల్లమ్మ ముందుగానే వచ్చి కూర్చునుంది, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని.

"ఏమమ్మా, ఈ రోజు సెలవా?"

"నన్ను పొయ్యి కాడినుంచి తరిమేసిందప్పా సారూ. నీకి ఉండ కట్టేది రాదు పో అనేసింది. ఈన్నాళ్ళూ నేను కెలికిందే గదా గుటుక్కున మింగింది." కాళ్ళు చాపుకుంది. "ఏం చెయ్యాల ఇప్పుడు? ఆ కామా ఏదో నాకీ నేర్పించు. సుమ్నే కూచునేదానికి చేతకాదు."

పలక లేదు నా దగ్గర. పాత పేపరు అంచు మీద, నీలం పెన్నుతో, మొదటి కామా పెద్దగా రాసి చూపించాను.

"ఇదేమప్పా, అనపగింజ మొలకెత్తినట్ట ఉండాది," అంది పిల్లమ్మ, పేపరు దగ్గరికి లాక్కుంటూ.